లక్క టీచరు కట్టిన పెట్టె

టీచరు లక్క కడ్డీని కొవ్వొత్తి మంటకు చూపించి, ఓట్ల పెట్టెకు కట్టిన దారం ముడి మీద రెండు చోట్ల కార్చింది.

"ఊఁ, నొక్కండి. ముందు తడి చేసుకోండి, లేకపోతే అంటుకుంటుంది."

బడి కమిటీ ఛైర్మన్ మనవడు సైకిలు తాళంచెవిని తడిపి నొక్కాడు. టైలరు కూతురు మణికట్టు వంచి, చొక్కా చేతి గుండీని నొక్కింది.

"గుండీ కూడా ఒక ముద్రేనా?" వాడు నవ్వాడు.

"నా గుండీ చొక్కాకే ఉంటుంది. నీ తాళంచెవి కోసం రోజూ స్కూలంతా వెతకాలి" అంది ఆ పిల్ల. పోటీ వీళ్లిద్దరి మధ్యే.

పౌరశాస్త్రం చెప్పే ఈమెను పిల్లలు లక్క టీచరంటారు. ఆమె తండ్రి తపాలా సంచులకు సీళ్లు వేసేవాడు. ఆ పని అక్కడ చూసి నేర్చుకుంది. ఓటు గురించి చదివిస్తే పిల్లలు కునుకు తీస్తారు, పెట్టె చేతికిస్తే కళ్లు తెరుస్తారు అని పోరాడి వారానికో గంట సంపాదించింది. ఆ గంటలో బడి నాయకుడి ఎన్నిక పిల్లలే నడుపుతారు. ముద్రకు ఎప్పుడూ దెబ్బతిన్న వస్తువే తెచ్చుకోమంటుంది. బాగున్నవి అందరి దగ్గరా ఉంటాయి.

ఆ గంట వల్ల పిల్లలకు ఏమైనా వచ్చిందా లేదా తేల్చడానికి మర్నాడు లెక్కింపుకు తనిఖీ అధికారి వస్తున్నాడు. సాయంత్రం బడి వదిలాక హెడ్మాస్టరు వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"చూడమ్మా, మనవడు ఓడిపోతే ఛైర్మన్ గారు ఊరుకోరు. ఆ గంట లెక్కల మాస్టారికి ఇప్పించేస్తారు."

"ఓట్లు పెట్టెలో పడిపోయాయి కదా సార్."

"పెట్టె మీ బీరువాలోనే ఉంది కదా. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు, పిల్లలేం పడతారు?" సైకిలు తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆమె బీరువా తెరిచి పెట్టె బయటికి తీసింది. తర్వాత లక్క పగలగొట్టింది. టైలరు కూతురే గెలిచింది, అదీ బాగా. చీటీలు మార్చి, మళ్లీ లక్క కార్చింది. వేలు కాలింది. ఒక చోట తాళంచెవిని, రెండో చోట తన సంచిలో దొరికిన గుండీని తడిపి నొక్కింది. అది కొత్త గుండీ.

మర్నాడు అధికారి ముందుగా ప్రశ్నలు వేశాడు. శాసనసభలో సభ్యులెందరు, పదవీకాలమెంత? సగంమంది నీళ్లు నమిలారు. ఆయన కాగితం మీద గీతలు పెట్టుకుంటూ పోయాడు.

"ఇక పెట్టె తెరవండి" అన్నాడు హెడ్మాస్టరు.

"ఆగండి సార్. ముందు ముద్ర చూడాలి." టైలరు కూతురు వంగి చూసింది. "ఇది నా గుండీ కాదు."

"గుండీలన్నీ ఒకటేలేమ్మా."

"మా ఇంట్లో డబ్బాల నిండా గుండీలే సార్. నాది అంచు విరిగింది. ఇది గుండ్రంగా ఉంది." మణికట్టును లక్క పక్కన ఆనించి చూపించింది.

మనవడు కూడా తల దూర్చి చూశాడు. "నిజమే. తెరవకూడదు."

"నువ్వే గెలుస్తావు, నోరు ముయ్యరా" వెనక నుంచి ఎవరో గొణిగారు.

"లెక్కపెట్టకుండా నీకెలా తెలుసు? సార్, నిన్న నా తాళంచెవి హెడ్మాస్టరు గారు తీసుకున్నారు."

"సైకిలు దారికి అడ్డంగా ఉందని" అన్నాడు హెడ్మాస్టరు. అధికారి కలం కదల్లేదు.

టైలరు కూతురు టీచరు వైపు తిరిగింది. "బీరువా తాళం ఎవరి దగ్గరుంటుంది టీచర్?"

"నా దగ్గరే. నేనే మార్చాను."

"మీరింత పని చేస్తారనుకోలేదమ్మా" అన్నాడు హెడ్మాస్టరు.

వెళ్లేటప్పుడు అధికారి వరండాలో టీచరు దగ్గర ఆగాడు. "ఇంత గట్టిగా నేర్చుకున్న పిల్లల్ని నేనెక్కడా చూడలేదు. అదే రాస్తాను. మీరు చేసిందీ రాయాలి. గంట ఉంటుంది. డ్రిల్లు మాస్టారు తీసుకుంటారు."

"ఆయన పుస్తకం చదివిస్తారు సార్."

ఆయన గొడుగు తెరుచుకుని మెట్లు దిగాడు.

ఎన్నిక మళ్లీ పెట్టారు. అదే ఆమెకు చివరి గంట. ఓట్లు పడ్డాక పెట్టెకు దారం కట్టి, ముడి బిగించి, లక్క కార్చింది. ఈసారి వేలు కాలలేదు. ఇద్దరూ నొక్కారు. పెట్టె పిల్లల దగ్గరే ఉండాలని పిల్లలే తీర్మానించారు. ఆమె దాన్ని రెండు చేతులా ఎత్తి టైలరు కూతురికి అందించింది.

ఆ పిల్ల టీచరు మొహం చూడలేదు. పెట్టెను ఆమె చేతుల్లోనే కిటికీ వెలుగుకు తిప్పి, రెండు ముద్రలూ చూసి, అప్పుడు తీసుకుంది.