చలమయ్య కళ్ళ ఎరుపు

చలమయ్య కళ్ళు పుట్టుకతో ఎర్రనివి కావు. గోదావరి జిల్లా నుంచి విశాఖ పోర్టులో పనికి వచ్చిన కొత్తలో అందరి కళ్ళలాగే ఉండేవి. రైలు వ్యాగన్లలో వచ్చిన ఇనప రాయిని ఓడలకెక్కించే చోట ఆయన ఉద్యోగం. ఆ ఎర్రదుమ్ము చొక్కాకు పట్టింది, తలకు పట్టింది. సబ్బు పెడితే పోయింది. కళ్ళకు పట్టింది మాత్రం పోలేదు. దానికి తోడు నైట్ షిఫ్టులు. కొన్నేళ్ళు తిరిగేసరికి, చూసినవాళ్ళంతా పీకలదాకా తాగొచ్చాడనే అనుకునేవారు.

ఆయన చుక్క ముట్టి ఎరగడు. ఆ సంగతి ఎంతమందికని చెప్పుకుంటాడు? కంచరపాలెంలో అద్దె ఇంటికోసం తిరిగితే ఓ ఇంటాయన గుమ్మంలోనే ఎగాదిగా చూసి, తాగేవాళ్ళకు ఇవ్వమని తలుపేసుకున్నాడు. పెళ్ళి భోజనంలో పక్కవాడు విస్తరి పక్కకి జరుపుకున్నాడు. మొదట్లో ఒట్లు పెట్టేవాడు, మొహం మీదకు ఊది వాసన చూడమనేవాడు. పోనుపోను ఓపిక అయిపోయింది. భార్య తాయారు నల్లకళ్ళద్దాలు కొనిపెడితే, ఇప్పుడు దొంగలాగా కూడా ఉన్నావని షిఫ్టువాళ్ళు ఏడిపించారు. వాటినీ తీసి పెట్టెలో పడేశాడు.

బయటివాళ్ళలో నమ్మింది చేపలమ్మే ముసలమ్మ ఒక్కతే. జాలరిపేట నుంచి గంప ఎత్తుకుని వాళ్ళ వీధికి వచ్చేది. కొడుకు పోలిరాజు వేటకెళ్ళి తెచ్చిన చేపలవి.

"నా పెనిమిటి తాగీ తాగీ పోనాడమ్మా. తాగినోడి కళ్ళు నాకు తెల్దేటి? ఈ బాబుది దుమ్ము ఎరుపు," అని తాయారుతో వీధంతా వినపడేలా అనేది. ఆ మాట విన్న పూట చలమయ్యకు అన్నం సయించేది. మనిషికి అంతకన్నా ఏం కావాలి, ఒక్కరు సరిగ్గా చూస్తే చాలు.

ఓ ఎండాకాలం మధ్యాహ్నం షిఫ్టు దిగి, హార్బరు దగ్గర బస్సు కోసం నిలబడ్డాడు. ఒళ్ళు హూనమైపోయి ఉంది. అక్కడే ఓ జాలరి కుర్రవాడు స్తంభం పట్టుకుని ఊగుతున్నాడు. కనురెప్పలు వాలిపోతున్నాయి. గుప్పున సారా వాసన. వేట నుంచి దిగినవాళ్ళు సారా కొట్టు మీదుగా రావడం ఆ దారిలో కొత్తేం కాదు. జనం నవ్వుకుంటూ ఎడంగా నిలబడ్డారు.

కుర్రవాడు వచ్చి చలమయ్య చెయ్యి పట్టుకున్నాడు. "బావ... పెద్దా... పెద్దాసు..." నాలుక మడతపడి మాట ముద్దగా వచ్చింది.

"ఇంటికెళ్ళి పడుకో బాబూ," అని చలమయ్య చెయ్యి విడిపించుకున్నాడు.

బస్సు వచ్చింది. చలమయ్య ఎక్కాడు. వెనకే కుర్రవాడూ కమ్మీ పట్టుకుని ఎక్కాడు. కండక్టరు ముక్కు చిట్లించి, ముందుగా చలమయ్య కళ్ళలోకి చూశాడు.

"ఏటి బావ, పట్టపగలే ఏసుకొచ్చినావా? దిగు దిగు."

బస్సంతా తిరిగి చూసింది. ఎన్నేళ్ళుగానో మింగుకొస్తున్న అవమానమంతా ఒక్కసారి గొంతులోకి వచ్చింది చలమయ్యకు.

"నేను కాదండీ! తాగింది ఇతను. వాసన ఇతని దగ్గర్నుంచి వస్తంది, చూడండి!" అని కుర్రవాణ్ణి వేలెత్తి చూపించాడు.

కండక్టరు వంగి వాసన చూశాడు. చలమయ్యకు టికెట్టు కొట్టాడు. కుర్రవాణ్ణి రెక్క పట్టుకుని దింపేశాడు. బస్సు కదిలింది. కిటికీ పక్కన కూర్చున్న చలమయ్యకు, చెప్పొద్దూ, ప్రాణం హాయిగా ఉంది. మొదటిసారి తన మాట నెగ్గింది.

తరవాత చాలా రోజులు ముసలమ్మ వీధిలోకి రాలేదు. వచ్చిన రోజున తల మీద గంప లేదు. అరుగు మీద చతికిలబడింది. తాయారు మంచినీళ్ళిచ్చింది.

"నా గుంటడు పోలిరాజు పోనాడమ్మా. వలలో సముద్రం పాము కరిసింది. నొప్పి లేదన్నాడంట. కూడా ఉన్నోలు సారా పోసి కాలు కడిగినారు. నానే బస్సెక్కి పెద్దాసుపత్రికి ఎల్తానని ఒంటిగా బయల్దేరినాడు. ఆ ఇసం ఎక్కితే రెప్పలు వాలిపోతాయంట, మాట రాదంట. బస్సోడు దింపేసినాడు. మావోలెవులో సూసి రిచ్చా ఎక్కించేతలికి ఊపిరి ఆగిపోనాది."

లోపల్నుంచి వింటూ వచ్చిన చలమయ్య గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"బస్సోడి తప్పు కాదమ్మా," అంది ముసలమ్మ. "ఎవుడో ఎర్రకళ్ళ తాగుబోతోడు సెప్పినాడంట, ఈడు తాగున్నాడని. ఒల్లు తెలీకుండా తాగుంటాడు ఆడు. లేకపోతే సావబోయేవోణ్ణి అలగ దింపించేత్తాడా మనిసన్నోడు?"

తాయారు మొగుడి వైపు చూడలేదు. చలమయ్య ఆ బస్సెక్కిన రోజు నుంచీ స్తంభం దగ్గరి కుర్రవాణ్ణి మర్చిపోయి హాయిగానే తిరిగాడు. ఇప్పుడు ఆ చెయ్యి వచ్చి మళ్ళీ తన చెయ్యి పట్టుకున్నట్టయింది. మాట్లాడకుండా లోపలికి పోవచ్చు. ఆ ఓపిక కూడా లేకపోయింది.

"చెప్పింది నేనేనమ్మా," అన్నాడు.

ముసలమ్మ తలెత్తింది. ఇన్నేళ్ళలో ఎన్నడూ చూడనట్టు, ఇంటాయన చూసినట్టు, కండక్టరు చూసినట్టు ఆయన కళ్ళలోకి చూసింది.

"ఆ పూట తాగున్నావా బాబూ?" అని అడిగింది. అవునంటే బాగుండునన్నట్టుంది ఆ గొంతు.

అవునంటే ఆమెకు ఎంతో కొంత ఊరట. తనకూ ఊరటే. ఎవరైనా నమ్ముతారు.

"లేదమ్మా," అన్నాడు చలమయ్య. "తాగలేదు."