కుట్టు దగ్గర ఆగని కత్తి

మా బావ టార్పాలిన్లు కుడతాడు. ముప్పయ్యేళ్లుగా అదే గది, అదే మిషను, అదే చిరాకు. లోకంలో ఆయనకు నచ్చినది ఒక్కటే ఉంది, పన్నెండేళ్ల కిందట వచ్చిన సముద్రపు దొంగల సినిమా. అందులో కెప్టెన్ అరచేతికి తోలుపట్టీ బిగించుకుని, చిరిగిన తెరచాపను తానే కూర్చుని కుట్టుకుంటాడు. "వాడికి పని తెలుసురా" అంటూ ఆ సినిమాను మా బావ పదకొండుసార్లు చూశాడు. తన పెళ్లి వీడియో మాత్రం ఒక్కసారే చూశాడు, అదీ మా అక్క పోరు పడలేక.

ఆయన కూతురు మూడేళ్లుగా ఆ కొట్లోనే పని నేర్చుకుంటోంది. కొట్టు తనకు రావాలని దాని ఆశ. ఈయన మాత్రం పక్కనున్న ఫోన్ల కొట్టువాడికి ఇచ్చేస్తానని కనిపించినవాళ్లందరికీ చెబుతున్నాడు. అదేమంటే, "దానికి కుట్టు వచ్చు. కన్ను లేదు" అంటాడు. ప్రతి సోమవారం మా మేనకోడలు రెండు ముక్కల అంచులు మడతపెట్టి, కలిపి కుట్టి ఇస్తుంది. ఈయన పై ముక్కలో కత్తి గుచ్చి కిందికి లాగుతాడు. కుట్టు దగ్గర కత్తి ఆగితే నెగ్గినట్టు. అది ఇంతవరకూ నెగ్గలేదు.

మా బావ కళ్లలో వత్తులు వేసుకుని ఎదురుచూసిన ఆ సినిమా రెండో భాగం వచ్చింది. ఆదివారం మ్యాట్నీకి బావ, మేనకోడలు, నేను ముగ్గురం వెళ్లాం. నాకైతే అరగంటకే ఒళ్లు మండిపోయింది. తుఫానులో ఓడ మునిగిపోతుంటే కెప్టెన్ జుట్టు ఇస్త్రీ చేసినట్టుంది. పైగా జోకులు. విలన్లు ముగ్గురు, ముగ్గురికీ కలిపి ఒక్కడి పని లేదు.

"వీడు ఓడ నడపడానికొచ్చాడా, ఫొటోలు దిగడానికొచ్చాడా?" అన్నాడు మా బావ. ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. ఆయన లక్ష్యపెట్టలేదు.

చివర్లో కెప్టెన్ ఓడ స్తంభం ఎక్కి, తెరచాపలో కత్తి గుచ్చి, దాన్ని పట్టుకుని జర్రున కిందికి జారాడు. హాలంతా ఈలలు. మా బావ నోరు తెరిచేలోపే మా మేనకోడలు అందుకుంది.

"ఆరు అడ్డకుట్లు దాటాడు మావయ్యా. ఒక్కచోటా కత్తి ఆగలేదు. మొదటిదాని దగ్గరే వేలాడిపోవాలి వెధవ."

మా బావ దానివైపు తిరిగాడు. "ఐదు" అన్నాడు.

"ఆరు, నాన్నా."

ఇంటికి వెళ్లేదాకా అదే గొడవ. మధ్యమధ్యలో సినిమాకు శాపనార్థాలు. "మొదటి భాగంలో తెరచాప కుట్టుకున్న మనిషి, రెండో భాగంలో దాన్ని చింపుకుంటాడా? కథ రాసినవాడు మొదటిది చూశాడా అసలు?" అన్నాడు మా బావ. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

సోమవారం నేను వెళ్లేసరికి కొట్లో మా బావ లేడు. ముప్పయ్యేళ్లలో ఆయన లేని పొద్దు నేను చూడలేదు. ఫోన్ల కొట్టువాడు టేపు పట్టుకుని గోడలు కొలుస్తున్నాడు. మా మేనకోడలు తల వంచుకుని తన ముక్క కుడుతోంది.

మధ్యాహ్నం దాటాక ఆయన వచ్చాడు. ముక్క అందుకుని, కత్తి గుచ్చి లాగాడు. కత్తి కుట్టు మీదుగా కిందికి దిగిపోయింది. పిల్ల ముఖం చిన్నబోయింది.

"అచ్చం ఆ సినిమావాళ్ల కుట్టే" అన్నాడు ఆయన. అరచేతికి బిగించుకునే తన తోలుపట్టీ తీసి దాని ముందు పెట్టాడు. "మళ్లీ కుట్టు. నా స్టూలు మీద కూర్చో." తర్వాత ఫోన్ల కొట్టువాడితో, "టేపు చుట్టేయి బాబూ. కొట్టు ఇవ్వడం లేదు" అన్నాడు.

అప్పుడు చూశాను, ఆయన చొక్కా జేబులో మార్నింగ్ షో టికెట్టు. నోరారా తిట్టిన సినిమాను మళ్లీ వెళ్లి చూసొచ్చాడు.

"ఆరే" అన్నాడు కూతురితో, మిషనువైపు చూస్తూ.