తొమ్మిదో నంబరు చొక్కా

ఆవిడకి పగలొక పేరు, సాయంత్రమొక పేరు. పగలు స్కూలు యూనిఫారాలు కుట్టే షాపులో కాజాలావిడ. పొద్దున్నించి నాలుగున్నర దాకా తలెత్తకుండా చొక్కాలకి కాజాలు తీస్తుంది. ఐదింటికి స్కూలు వెనకున్న రేకుల షెడ్డులో అడుగు పెట్టగానే కోచ్ మేడం అయిపోతుంది. పద్దెనిమిదేళ్ళుగా ఆ షెడ్డులోనే ఆడపిల్లలకి వాలీబాల్ నేర్పుతోంది. జీతం లేదు, బత్తెం లేదు. ఎందుకమ్మా నీకీ తంటా అని ఎవరైనా అడిగితే, "నాకింకేం చేతకాదు" అనేది. అది పచ్చి అబద్ధం. ఆవిడకి చేతకానిదల్లా ఊరికే కూర్చోవడం.

ఆవిడకి ముక్కు మీదే కోపం. వాన పడి రేకుల మోతలో ఆవిడ కేకలు వినపడని రోజున పిల్లల ఆనందం అంతా ఇంతా కాదు. అలాగని తిట్లకి భయపడి మానేసిన పిల్ల ఒక్కర్తీ లేదు. మోకాలి చిప్పలు కొట్టుకుపోయినవాళ్ళకి మందు రాసేదీ ఆవిడే, బడి ఫీజు కట్టలేక దాక్కున్నవాళ్ళని ఇంటికెళ్ళి లాక్కొచ్చేదీ ఆవిడే.

ఆ పిల్లల్లో ఆవిడ కూతురూ ఉండేది. ఇంట్లో బుజ్జి, ఆటలోనూ బుజ్జే. పొడుగు లేదు కాబట్టి నెట్ దగ్గర పనికిరాదని తల్లే తేల్చి చెప్పి, లిబెరోగా ఆడించింది. లిబెరో అంటే వెనక వరసలో మాత్రమే ఉండే పిల్ల. సర్వీస్ చెయ్యకూడదు, నెట్ మీద స్మాష్ కొట్టకూడదు. ఎంత దెబ్బ వచ్చినా బంతి నేల తాకకుండా లేపడమే ఆమె పని. అందరిలో గుర్తుపట్టడానికి రంగు తేడా ఉండాలి. రెండో చొక్కా కుట్టే స్తోమత క్లబ్బుకి లేక, నంబరు కనపడేలా ముందూ వెనకా కత్తిరించిన పసుపు బనియన్ ఒకటి నీలం చొక్కా మీద తొడిగేవారు. బుజ్జి నంబరు తొమ్మిది. ఆరేళ్ళపాటు, ప్రతి ఆటకి ముందూ, జట్టు కాగితంలో లిబెరో గడిలో తల్లి చేత్తో పడిన అంకె అదే.

పదిహేడో ఏట బుజ్జికి రక్తంలో ఏదో జబ్బన్నారు. ఐదు నెలలు ఆస్పత్రి చుట్టూ తిరిగారు. ఆరో నెల తిరగాల్సిన అవసరం రాలేదు. తొమ్మిదో నంబరు చొక్కా ఉతికి, మడతపెట్టి, బీరువాలో పెట్టింది ఆవిడ. నాలుగేళ్ళు జట్టులో ఎనిమిది తర్వాత పదే ఉండేది. ఎందుకని ఏ పిల్లా అడగలేదు. అందరికీ తెలుసు.

బుజ్జి పోయిన మరుసటేడు దొరికింది పుర్ర. ఎడమచేతి వాటం కాబట్టి పిల్లలు పెట్టిన పేరు, మేడం నోటికీ అదే అలవాటైపోయింది. తల్లి పరుపుల ఫ్యాక్టరీలో కుట్టు మిషన్ మీద పనిచేస్తుంది, తండ్రి లేడు. మూడేళ్ళలో ఆ పిల్ల తాడిలా పెరిగింది. కుడివైపు నుంచి ఎగిరి ఎడంచేత్తో స్మాష్ కొడితే, అవతలివాళ్ళు బంతి ఎటు వస్తుందో తెలియక బిక్కమొహం వేసేవాళ్ళు. నోరు మాత్రం లేదు. పది తిట్లు తిన్నా "సరే మేడం" అనేది, అంతే.

ఆ ఏడాది టోర్నమెంట్ ఫైనల్ చూడటానికి స్పోర్ట్స్ హాస్టల్ వాళ్ళు వస్తున్నారని తెలిసింది. ఇద్దరు స్మాషర్లు కావాలట. దొరికితే చదువూ తిండీ ఆటా అన్నీ వాళ్ళే చూసుకుంటారు. వయసు పదహారు దాటకూడదు. పుర్రకి ఇంకో రెండు నెలల్లో పదహారు నిండుతాయి. ఈసారి తప్పితే ఇంతే సంగతులు, వాళ్ళమ్మ పక్కన ఇంకో మిషన్ ఖాళీగానే ఉంది. మేడం ఆ పిల్ల మీద కొండంత ఆశ పెట్టుకుంది.

సెమీ ఫైనల్లో పుర్ర బంతి కోసం దూకితే చొక్కా చంక దగ్గర నుంచి నడుం దాకా చిరిగింది. దాన్ని కుట్టడం కాజాలావిడకి ఒక లెక్కా? సూది తీసుకుని కూర్చుంది కూడా. బస్సు డ్యూటీ దిగి వచ్చిన భర్త ఆ చొక్కానీ ఆవిడనీ చూశాడు.

"బీరువాలో ఒకటుంది కదే," అన్నాడు నెమ్మదిగా.

ఆవిడ సూదిలోకి దారం ఎక్కించింది.

"ఎన్నాళ్ళు దాస్తావ్? అది ఆడటానికి కుట్టిన చొక్కా. ఆ పిల్లకిస్తే బుజ్జి ఏమన్నా కాదంటుందా?"

ఆవిడ సూది చొక్కాకే గుచ్చి పక్కన పెట్టింది. తర్వాత లేచి బీరువా తీసింది. పొడుగు చాలదని కింద నీలం గుడ్డ అతికి, ఇస్త్రీ చేసింది. మర్నాడు నిర్వాహకుల దగ్గర పుర్ర నంబరు మార్పించింది. చొక్కా చేతిలో పెడితే ఆ పిల్ల రెండు చేతులతో అందుకుంది. "జాగ్రత్తగా ఆడతాను మేడం," అంది. ఆ పిల్లకీ తెలుసు మరి.

ఆట మొదలవడానికి ముందు బల్ల దగ్గర కాగితం నింపమన్నారు. ఆవిడ గబగబా పన్నెండు నంబర్లూ రాసింది, సంతకం పెట్టింది. జట్లు వరస కట్టాయి. కాగితం చూసుకుంటూ వచ్చిన రిఫరీ పుర్ర ముందు ఆగాడు.

"లిబెరో తొమ్మిది. పసుపు బనియన్ ఏదమ్మా?"

"కాదండీ, లిబెరో నాలుగు," అంది మేడం.

ఆయన కాగితం చూపించాడు. లిబెరో గడిలో తొమ్మిది. ఎర్రటి ఇంకుతో, గుండ్రంగా, ఆవిడ చేతిరాతే. ఆరేళ్ళు రాసిన చెయ్యి, ఎవర్నీ అడక్కుండా తన పని తాను చేసుకుపోయింది.

జీవితంలో ఎవరి ముందూ తల వంచని మనిషి రిఫరీ కాళ్ళావేళ్ళా పడింది. "పొరపాటండీ. చెయ్యి జారింది. పిల్ల బతుకండీ." ఆయన చెడ్డవాడేం కాదు, రూలు తెలిసినవాడు. సంతకం అయ్యాక లిబెరోని మార్చడానికి వీల్లేదన్నాడు. కావాలంటే అవతలి కోచ్‌ని అడగమన్నాడు. అవతలి కోచ్ ససేమిరా అన్నాడు. అనడా మరి, పుర్ర స్మాష్‌లు సెమీస్‌లో కళ్ళారా చూసినవాడు.

మేడం వెనక్కొచ్చేసరికి పుర్ర అప్పటికే పసుపు బనియన్ తొడుక్కుని ఉంది.

"పర్లేదు మేడం. వెనకే ఆడతా," అంది.

ఆడింది. ఇక్కడో మాట చెప్పకుండా దాటేయొచ్చు, కానీ దాటేస్తే ఈ కథ చెప్పడమే దండగ. మొదటి నాలుగైదు బంతులూ మేడం కళ్ళనీళ్ళతో చూసింది. ఆ తర్వాత పుర్ర ఒక బంతి కోసం నేల మీద పొడుగ్గా జారి, నేలకి నాలుగు వేళ్ళ ఎత్తులో దాన్ని లేపింది. లేచి చెమట తుడుచుకుంటూ వెనక్కి నడుస్తుంటే వీపు మీద తొమ్మిది కనపడింది, దాని చుట్టూ పసుపు. అంతే, ఆవిడకి హాస్టల్ గుర్తులేదు, ఫైనల్ గుర్తులేదు. బెంచీ దగ్గర నిలబడి ఆట అయ్యేదాకా గొంతు చించుకుంది. నాలుగేళ్ళలో మొదటిసారి ఆవిడకి హాయిగా అనిపించింది. నిజంగా హాయిగా.

ఆట పోయింది, వాళ్ళకి రెండు సెట్లు, వీళ్ళకి ఒకటి. స్మాష్ కొట్టే పిల్ల లేని జట్టు గెలుస్తుందా? హాస్టల్ వాళ్ళ వెంట ఆవిడ గేటు దాకా పరిగెత్తింది. "ఆ లిబెరో అసలు స్మాషరండీ, ఒక్క పది బంతులు కొట్టిస్తాను, చూడండి." వాళ్ళు మర్యాదగానే విన్నారు. ఆటలో చూసినవాళ్ళనే రాసుకోవాలన్నారు. అవతలి జట్టులోంచి ఇద్దర్ని రాసుకుని వెళ్ళిపోయారు.

పుర్ర మళ్ళీ షెడ్డుకి రాలేదు. మేడం రోజూ ఐదింటికి గుమ్మం వైపు చూసేది. వెళ్ళి పిలుద్దామంటే మొహం చెల్లలేదు. తొమ్మిది తప్పు రాసినందుకు కాదు, అది పొరపాటని అందరూ ఒప్పుకున్నారు. ఆ గంటన్నరా తాను సంతోషంగా ఉన్నందుకు. ఆ సంగతి మొగుడికి కూడా చెప్పలేదు.

మూడో ఆదివారం మధ్యాహ్నం ఇక ఆగలేక వెళ్ళింది. రెండు గదుల ఇల్లు, మెట్ల మీద పుర్ర కూర్చుని ఉంది. వేళ్ళకి రెండు చోట్ల పట్టీలు. పరుపుల సూది గుచ్చుకున్న గాయాలు అలా ఉంటాయని కుట్టుపని చేసేవాళ్ళకి చెప్పక్కర్లేదు. తల్లి కుర్చీ తెచ్చి వేసి, "మీ తప్పేముంది మేడం, దాని రాత," అని లోపలికెళ్ళింది.

మేడం కుర్చీలో కూర్చోలేదు, పిల్ల పక్కన మెట్టు మీదే కూర్చుంది.

"నీకో నిజం చెప్పాలే," అంది. "ఆ రోజు నువ్వు ఆడుతుంటే నాకు..."

"తెలుసు మేడం," అంది పుర్ర.

"ఏం తెలుసు?"

ఆ పిల్ల పట్టీ అంచు గోటితో గీరింది. "ఆట మొత్తం మీరు నన్ను బుజ్జీ అనే పిలిచారు. బుజ్జీ వెనక్కి, బుజ్జీ నీదే అని. మొదట్లో నేను అటూ ఇటూ చూశాను. తర్వాత పలికాను."

తాను ఆ పేరు పైకి అన్నట్టే ఆవిడకి తెలియదు.

"ఎందుకు పలికావే," అంది మేడం. "కాదు మేడం, నేను పుర్రని అని ఒక్క కేక వెయ్యకపోయావా?"

"పలక్కపోతే బంతి కింద పడేది కదా." మామూలుగానే అంది, "అయినా మీరంత సంతోషంగా ఉన్నారు. ఎలా చెప్పమంటారు?"

పద్దెనిమిదేళ్ళలో ఏ పిల్ల ముందూ ఏడవని మనిషి, ఆ మెట్ల మీద వెక్కి వెక్కి ఏడ్చింది. తన బతుకు చేజారిపోతోందని తెలిసీ, చచ్చిపోయిన పిల్ల పేరుకి పలుకుతూ మూడు సెట్లు ఆడిన పిల్లకి ఏం చెప్పాలో ఆవిడకి తోచలేదు. పుర్ర ఓదార్చలేదు, లేచిపోనూ లేదు. పక్కనే కూర్చుంది.

"రేపు సాయంత్రం రా," అంది మేడం కళ్ళు తుడుచుకుని. "ఒక గంట ఆడి వెళ్ళు."

"ఏడింటి దాకా డ్యూటీ మేడం."

లోపలి నుంచి తల్లి ఆ పిల్లని పేరు పెట్టి పిలిచింది, సొంత పేరు. చక్కటి పేరు. మూడేళ్ళలో తాను ఒక్కసారైనా ఆ పేరు పెట్టి పిలిచానా అని మేడం ఆలోచిస్తూ ఉండగానే, "వస్తున్నా" అని ఆ పిల్ల లేచి లోపలికి వెళ్ళిపోయింది.