స్టిక్కర్ కింద నక్షత్రం

కంప్యూటర్ల బజారులో ఆయన్ను అందరూ భూతద్దం బాబాయ్ అంటారు. ఏ పెట్టె అమ్మినా దాని మీది చీమ తలకాయంత అక్షరాలను భూతద్దం పెట్టి చదివి వినిపించందే చేతికివ్వడు. నక్షత్రం గుర్తు కనబడిందా, ఇక వదలడు. "నక్షత్రం ఉందంటే ఎక్కడో మెలిక ఉన్నట్టేనమ్మా" అంటాడు. మనిషి కాస్త చాదస్తుడే గానీ, ఆయన మాట మీద కళ్లు మూసుకుని కొనేవాళ్లు ఇరవయ్యేళ్లుగా ఉన్నారు.

అలాంటిది ఆ ఉదయం, ఇళ్ల ప్లాన్లు గీసే అమ్మాయి కంప్యూటర్ తెర మీదికి బొమ్మలు గీసి పంపే కొత్త గ్రాఫిక్స్ కార్డును పెట్టెతో సహా పట్టుకుని రుసరుసలాడుతూ వచ్చింది.

"ఇది ఎయిట్‌కే కార్డు, తెర మీది ప్రతి చుక్కనూ విడిగా గీస్తుంది అన్నారు కదా బాబాయ్! పెద్ద తెర మీద నా సన్న గీతలన్నీ అలికేసినట్టున్నాయి. మధ్యాహ్నం ప్లాను చూపించకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. మీరు చెప్పారనే కదా కొన్నాను!"

బాబాయ్‌కి తల కొట్టేసినట్టయింది. అప్పుడే కొట్టు ముందు కంపెనీ ప్రతినిధి అదే కార్డుకు ఆర్భాటంగా ప్రచారం చేస్తున్నాడు. ఎయిట్‌కే తెర మీద జలపాతం దూకుతుంటే జనం నోళ్లు వెళ్లబెట్టి చూస్తున్నారు. జలపాతం ఏ కార్డులోనైనా అందంగానే ఉంటుంది మరి!

బాబాయ్ జనాన్ని తోసుకుంటూ వెళ్లాడు. "జలపాతం చాలు గానీ, నా పరీక్ష బొమ్మ ఒకటి వెయ్యి బాబూ!" అంటూ పెన్‌డ్రైవ్ అందించాడు.

ఒక చుక్క మందాన నల్ల గీత, పక్కనే అంతే మందాన తెల్ల గీత, తెర నిండా అవే. కార్డు ప్రతి చుక్కనూ నిజంగా గీస్తే గీతలు విడివిడిగా కనబడాలి. బాబాయ్ భూతద్దం తెరకు ఆనించాడు. గీతల్లేవు, అంతా బూడిద రంగే!

"గీతలేవయ్యా?" అని ఎవరో అరిచారు. జనం గొల్లుమన్నారు. గెలిచానన్న సంబరంతో బాబాయ్‌కి కాలు నిలవలేదు.

ప్రతినిధి అమ్మాయి తెచ్చిన పెట్టె వైపు చెయ్యి చూపాడు. "పెట్టె మీద నక్షత్రం పెట్టి మరీ రాశామండీ."

"నా కంటబడని నక్షత్రమా!" బాబాయ్ పెట్టెను అటూ ఇటూ తిప్పాడు. ఎక్కడా లేదు. అమ్మాయి వేలు పెట్టి చూపించింది. మూలన ఆయన కొట్టు పేరున్న ఎర్ర స్టిక్కర్ ఉంది. సరుకు దిగినరోజు హడావుడిలో తన చేత్తోనే అంటించాడు.

గోటితో గీకి లాగాడు. నక్షత్రం బయటపడింది. ఆయన భూతద్దం దించేశాడు. అమ్మాయే భూతద్దం అందుకుని అందరికీ వినబడేలా చదివింది: "లోపల గీసేది నాలుగో వంతు చుక్కలే. మిగిలినవి సాగదీసి నింపబడును."

"తప్పు నాదే తల్లీ" అన్నాడు బాబాయ్, అంతమంది ముందూ.

మరుక్షణం కొట్టులోకి పరుగెత్తి తన సొంత కంప్యూటర్ మూత ఊడదీశాడు. అందులోని కార్డును ప్రతినిధి కంప్యూటర్‌లో బిగించి అదే బొమ్మ వేస్తే, తెర మీద గీతలు దేనికది నిలబడ్డాయి! జనం చప్పట్లు కొట్టారు. బాబాయ్ ఆ కార్డును తీసి అమ్మాయి చేతిలో పెట్టి, "పట్టుకుని పరుగెత్తు!" అని కేకేశాడు. అమ్మాయి పరుగెత్తింది.

సాయంత్రం ఆమె మెట్లెక్కుతూనే అరిచింది. "పని నాకే వచ్చింది బాబాయ్!"

కొట్టులో ఒక్క పెట్టె మీదా ఎర్ర స్టిక్కర్ లేదు. ఆమె అరలోంచి కొత్త మౌస్ పెట్టె తీసి ఆయన ముందు పెట్టింది.

"చదవండి, వింటాను."

బాబాయ్ భూతద్దం తుడుచుకున్నాడు.