పాకం తిన్న కుక్క

గొలుగొండ రోడ్డులో బెల్లం వండే వాసన తగిలితే నా బండి నెమ్మదిస్తుంది. సత్యవతి డాక్టరమ్మగారు గుర్తొస్తారు. నర్సీపట్నంలో ఆవిడ పశువుల క్లినిక్‌లోనే నా మొదటి ఉద్యోగం. చదువు కొత్త, తొందర ఎక్కువ. ఆవిడకేమో అసలు తొందరే తెలీదు. ఆవిడతో వేగలేక చచ్చేదాన్ని.

ఒక పొద్దున్న బెల్లం వండే అప్పలనాయుడు ఫోన్ చేశాడు. కుక్కకి పిచ్చెత్తిందట. నోరు మూయడం లేదు, చొంగ కారుస్తోంది, కాళ్ళతో మూతి రక్కుకుంటోంది. మేం వెళ్ళేసరికి దాన్ని గుంజకి కట్టేసి జనం దూరంగా నిలబడ్డారు. నాయుడి చేతిలో దుడ్డుకర్ర ఉంది. పరాయివాళ్ళు కొట్టడం ఇష్టం లేక, చంపక తప్పకపోతే తనే చంపుతానని తీసుకున్నాడట.

డాక్టరమ్మగారు ముందు నాయుణ్ణి కూర్చోబెట్టారు. ఎవర్నైనా కరిచిందా, పిలిస్తే పలుకుతోందా, రాత్రి అన్నం తిన్నదా అని తీరిగ్గా అడుగుతున్నారు. ఇది కబుర్ల వేళా అని నాకు ఒళ్ళు మండింది. చివరికి నాయుడు, రోజూలాగే పెనం గీకిన ముద్ద దానికి పడేశానన్నాడు.

"ఇయ్యేల పాకం ముదిరిందా?" అని అడిగారావిడ.

"నేదమ్మా. లేతగా ఉన్నప్పుడే గీకీసేను. బంకలాగ సాగింది."

అయినా ఆవిడ రేబీస్ కాదనెయ్యలేదు. మందపాటి గ్లౌజులు తొడుక్కుని, జాగ్రత్తగా దాని నోరు తెరిచి టార్చి వేశారు. అంగిటికీ వెనక పళ్ళకీ అతుక్కుపోయి బెల్లం ముద్ద కనబడింది. గోరువెచ్చని నీళ్ళు సిరంజితో పోస్తూ ఓపిగ్గా కరిగించారు. ముద్ద ఊడిపడింది. కుక్క నోరు మూసుకుని, పెదాలు నాక్కుని, తోక ఊపింది. కొన్నాళ్ళు కట్టేసి గమనించమని చెప్పారు.

నాయుడు దగ్గరికి రాలేదు. "ఇంక నా మొకం సూడదమ్మా అది," అన్నాడు. ఆవిడ తాడు విప్పి అతని చేతికిచ్చారు. కుక్క వెళ్ళి అతని మోకాళ్ళ మీద తల పెట్టింది. అంత మనిషీ వెక్కి వెక్కి ఏడ్చాడు. నాకూ కన్నీళ్ళు ఆగలేదు.

దారిలో, అంతసేపు మాటలెందుకండీ అని అడిగేశాను. ఆవిడ నవ్వారు. "కర్ర పట్టుకున్నోడికే ఆ కుక్క సంగతి బాగా తెలుసమ్మా. ఆడు బెదిరిపోయున్నాడు. ఆడి బెదురు తగ్గకపోతే మనకేటి సెప్తాడు?"

ఆవిడ పోయి చాలా కాలమైంది. తలుచుకుంటే ఇప్పటికీ దిగులేస్తుంది. ఎవరైనా చొంగ కార్చే కుక్కని పట్టుకొస్తే, నేను ముందు ఆ మనిషికి కుర్చీ వేస్తాను.