ఖాజా భాయ్ దుకాణంలో రెండు నున్నటి గడ్డాలు

లేని గడ్డం గీయించుకోబోయి, ఉన్న ప్రాణాన్ని మంగలి కుర్చీలో వదిలేసి వచ్చేంత పని చేశాను ఒకసారి. అప్పుడే నవ్వకండి. ఆ రోజు నా గుండె కొట్టుకున్న చప్పుడు మేడ్చల్ బస్టాండు దాకా వినిపించే ఉంటుంది.

నేను పుట్టినప్పుడు అందరూ ఆడపిల్ల అన్నారు. ఇరవై నాలుగేళ్లపాటు అంటూనే ఉన్నారు. కాదు, నేను మగవాణ్ణని నాకొక్కడికే తెలుసు. రెండు వేల సంవత్సరం దాటిన ఐదారేళ్లకు, నా మాట నవ్వకుండా విన్న డాక్టరు ఒకాయన సికింద్రాబాద్‌లో దొరికాడు. పరీక్షలన్నీ చేయించి టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టాడు. మా ఊరు దేవరయాంజాల్‌లో ఈ సంగతి ఎవరికీ తెలియదు. ముఖ్యంగా మా నాయినకు తెలియదు. పొలం చూసుకుంటూ, ప్లాట్ల బేరాలు చేస్తూ, ఊరి పంచాయితీల్లో తీర్పులు చెప్పే మనిషి ఆయన. దగ్గితే వీధిలో కుక్కలు లేచి నిలబడేవి. తెలిస్తే ఇంట్లోంచి వెళ్లగొడతాడని నా భయం. వెళ్లగొట్టకుండా నాతో మాట్లాడటం మానేస్తాడేమోనని అంతకన్నా పెద్ద భయం.

డాక్టరు మొదటి రోజే విడమరచి చెప్పాడు.

"అన్నీ మెల్లగా వస్తాయి. ముందు చర్మం జిడ్డుగా అవుతుంది, మొటిమలు లేస్తాయి, ఆకలి పెరుగుతుంది. కొన్ని నెలలకు గొంతు మారుతుంది, మారేటప్పుడు పగులుతుంది. మీసం, గడ్డం అన్నిటికన్నా ఆలస్యం. ఏడాది పట్టొచ్చు, రెండేళ్లయినా పట్టొచ్చు. తొందరపడి డోసు పెంచుకోవద్దు. రక్తపరీక్షలు మానొద్దు."

అన్నిటికీ బుద్ధిమంతుడిలా తలూపాను. మెట్లు దిగేలోపే 'మెల్లగా' అన్న మాట మర్చిపోయాను.

మర్నాడు పొద్దున లేవగానే అద్దం ముందుకు పరుగెత్తాను. రాత్రికి రాత్రి మీసం మొలిచేసి ఉంటే అమ్మకు ఏం చెప్పాలని నా బెంగ. మూడు రోజులు ముక్కు మీదుగా చున్నీ కట్టుకుని తిరిగాను. అడిగినవాళ్లకు దుమ్ము పడటం లేదన్నాను. నాలుగో రోజు చున్నీ విప్పి చూసుకుంటే ముఖం దోసపండులా నున్నగా ఉంది. అప్పటినుంచి అసలు మీసమే రాదేమోనని కొత్త భయం పట్టుకుంది. వస్తే దొరికిపోతాను, రాకపోతే బతకలేను. రెండు భయాలూ ఒకే మంచం మీద పడుకుంటే మధ్యలో నాకు చోటెక్కడ?

మూడు నెలలు దాటాక గొంతు బొంగురుపోయింది. అమ్మ హడలిపోయి పూటకో గ్లాసు మిరియాల పాలు చేతిలో పెట్టేది.

"తాగు బిడ్డా, రెండు దినాలల్ల నీ గొంతు మళ్ల ఎన్కటి లెక్కనే అయితది."

ఇంజెక్షన్‌కు మిరియాల పాలు విరుగుడేమోనని డాక్టరును అడగటానికి సిగ్గు, తాగటానికి భయం. ఎవరూ చూడకుండా తీసుకెళ్లి జామచెట్టు మొదట్లో పోసేవాణ్ణి. ఆ ఏడు మా చెట్టు ఎన్నడూ లేనంత కాసింది.

ఇక మీసం సంగతి. నేను గుమాస్తాగా చేసే దుండిగల్ కాలేజీ ఆఫీసులో మగవాళ్లందరిదీ ఒకటే మాట, ఎంత గీస్తే అంత గుబురుగా వస్తుందని. పెద్ద చదువు చదివిన డాక్టరును పక్కనపెట్టి, టీ తాగుతూ గాలి కబుర్లు చెప్పేవాళ్లను నమ్మాను. నమ్మి పథకం వేశాను. మా ఊళ్లో గీయించుకుంటే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, కాబట్టి మేడ్చల్. ఆదివారం జనం ఉంటారు, మంగళవారం దుకాణం మూస్తారు, కాబట్టి బుధవారం. ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా, నెత్తిన టోపీ. జుట్టు రాలుతోందని వంక పెట్టి అంతకు ముందే పొట్టిగా కత్తిరించుకున్నాను. ఒక్క విషయం తప్ప అన్నీ ఆలోచించాను. ఆ ఒక్కటీ చివర్లో చెబుతాను, అప్పుడు తిట్టండి.

ఖాజా భాయ్ దుకాణంలో రెండు కుర్చీలు, పొడవాటి అద్దం ఒకటి. నేను కూర్చోగానే ఆయన నా దవడ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"క్యా బేటా, ఏం గీకాలె? ఈడ ఏం లేదు కదా!"

"గీకితే... వస్తదంట గద భాయ్," అన్నాను గుసగుసగా.

"అచ్ఛా! మీసం జల్దీ కావాల్నా?" అని ముసిముసిగా నవ్వి, బ్రష్షుతో ముఖం నిండా నురుగు పూశాడు. ఆ చల్లదనానికి నాకు ఏడుపొచ్చినంత పనయింది. పుట్టి బుద్ధెరిగాక అంత సంతోషపడ్డ నిమిషం ఇంకోటి లేదు. సరిగ్గా ఒక్క నిమిషమే.

అద్దంలో గుమ్మం కనిపిస్తోంది. ఆ గుమ్మంలో తెల్ల చొక్కా, భుజాన తువ్వాల, మా నాయిన.

"ఏం భాయ్, కుర్సీ ఖాళీ ఉన్నదా?"

"ఆయియే పటేల్ సాబ్, కూసోండ్రి! ఈ బేటాది అయిపోతాంది."

నాయిన వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. మా మోచేతుల మధ్య జానెడు దూరం. టోపీ మేకుకు వేలాడుతోంది. నన్ను కాపాడేది నురుగొక్కటే. ఖాజా భాయ్ కత్తి ఎత్తగానే, ఇంకోసారి పూయమని వేలు చూపించాను. పూశాడు. మళ్లీ కత్తి ఎత్తాడు. మళ్లీ వేలు చూపించాను.

"ఏంది బేటా, సున్నం ఏస్తున్నమా గోడకు?" అని విసుక్కుంటూ మూడో పూత వేశాడు. అది ఆరేదాకా ఉండమన్నట్టు చెయ్యి ఊపాను. ఆయన తల కొట్టుకుని నాయిన వైపు తిరిగాడు. తిరిగి, ఆయన గడ్డం నిమిరి చూసి నిలబడిపోయాడు.

"సాబ్, పొద్దుగాలనే గీకిచ్చుకున్నట్టున్నరు? ఈడ గూడ ఏం లేదు!"

"ఉన్నకాడికి గీకు భాయ్."

"ఇయ్యాల్ల ఏం దినమో ఏమో, గడ్డం లేనోళ్లే వస్తున్నరు," అని గొణుక్కున్నాడు ఖాజా భాయ్.

నాయిన అద్దంలోకి చూస్తూ అడిగాడు. "ఏం తమ్మీ, మొదటిసారా?"

తలూపాను.

"ఏ ఊరు?"

దీనికి తలూపితే సరిపోదు కదా! కళ్లు గట్టిగా మూసుకుని నోరు తెరిచాను. "శామీర్‌పేట" అందామనుకుంటే, 'శా' కోడిపిల్లలా పలికి, 'పేట'కు వచ్చేసరికి బావిలో బొక్కెన పడ్డట్టు ఎక్కడో కిందికి దిగిపోయింది. అయిపోయింది నా పని అనుకున్నాను.

నాయిన మెడ కింద గుడ్డ సర్దుకున్నాడు.

"గొంతు పగుల్తాంది," అన్నాడు. "పగులనియ్యి. నాకు గూడ ఆర్నెల్లు గట్లనే ఉండె. మా నాయిన ముంగట నోరు తెరువాలంటె భయమయ్యేది."

"మీసం జల్దీ కావాల్నట సాబ్ ఈ బేటాకు," అని ఖాజా భాయ్ నా పరువు తీశాడు.

"జల్దీ ఎట్లొస్తది? నాటేసిన తెల్లారే వరి కోతకొస్తదా? మెల్లగ వస్తది. మా ఇంట్ల మగోళ్లందరికి ఆలస్యమే. నాకైతె ఇర్వై రెండేండ్లకు వచ్చింది. పరేషాన్ గావద్దు తమ్మీ."

డాక్టరు చెప్పిన మాటే! ముక్కూ ముఖం తెలియని పిల్లాడికి ఈయన తమ ఇంటి మీసాల చరిత్ర ఎందుకు చెబుతున్నాడని నాకు తట్టలేదు. భయంలో ఉన్నవాడికి బుర్ర పని చేయదు. తన గడ్డం పని అయిపోగానే నాయిన లేచి, తువ్వాల దులుపుకుని వెళ్లిపోయాడు. నా ముఖం గీకటం అయ్యేసరికి చుబుకం మీద చిన్న గాటు పడింది, చర్మమంతా మంట. అయినా గెలిచానన్న గర్వం. కన్నతండ్రినే బోల్తా కొట్టించాననుకుంటూ బయటికొచ్చాను.

ఎండలో పెట్టిన నా స్కూటీ అక్కడ లేదు. పక్కనున్న టీ కొట్టు పందిరి కింద, నీడలో ఉంది. సీటు కాలకుండా దాని మీద నాయిన తువ్వాల మడతపెట్టి ఉంది. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు ఆయనే కొనిచ్చిన స్కూటీ అది. పెయింటరును పిలిపించి వెనకాల అరచేతంత పసుపు అక్షరాలతో 'నాయిన దీవెన' అని రాయించిందీ ఆయనే. ఆ అక్షరాలు రోడ్డుకు కనపడేట్టు సరిగ్గా దుకాణం ముందు నిలబెట్టాను. నేను ఆలోచించనిది ఇదొక్కటే. ఇక తిట్టండి.

ఇంటికి పోవటానికి కాళ్లు రాలేదు. ఆ తువ్వాల ఒళ్లో పెట్టుకుని శామీర్‌పేట చెరువు కట్ట మీద రెండు గంటలు కూర్చున్నాను. యాప్రాల్‌లో ఎక్కడైనా గది తీసుకుందామా, ఎటైనా పారిపోదామా అనుకున్నాను. చివరికి ఆకలి గెలిచింది. డాక్టరు చెప్పిన వాటిలో అది మాత్రం అసలు ఆలస్యం చేయలేదు.

ఇంట్లో నాయిన అన్నం తింటున్నాడు. తల ఎత్తలేదు. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను.

"పటిక ముక్క యాడున్నది?" అన్నాడు అమ్మతో. "వానికియ్యి. మూడుసార్లు సబ్బు పూయిచ్చుకున్నడు, మొకమంత మంటలేస్తుండొచ్చు."

"వానికా? ఎవ్వనికి?" అంది అమ్మ.

"ఇంట్ల ఇయ్యాల్ల గడ్డం గీకిచ్చుకున్నోళ్లు ఇద్దరమే ఉన్నం. ఒకణ్ని నేను. ఇంకొకణ్ని నువ్వే ఎతుక్కో."

అమ్మ నా ముఖం వంక చూసింది. ఆ తర్వాత నెలల తరబడి ఆమె ఏడ్చిందీ, నాతో మాట్లాడనిదీ నవ్వులాటగా చెప్పలేను. కానీ ఆ పూట పటిక ముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది. దాన్ని తడిపి గాటుకు రాసుకుంటే చురుక్కుమంది. ఏడవటానికి అదే వంక అనుకుని హాయిగా ఏడ్చేశాను. నాయిన మజ్జిగ పోసుకుంటూ, "గింత దానికే ఏడుస్తర్రా?" అన్నాడు.

తర్వాత ఈ సంగతి చెబితే, గీస్తే మీసం రాదని డాక్టరు పడీ పడీ నవ్వాడు. అది తన తీరికలో, ఏడాదిన్నరకు వచ్చింది.

కాబట్టి పటిక ముక్క మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇక మీదట నా ఒంట్లో ఏ వెంట్రుకనూ తొందరపెట్టను. ఎంత రహస్యమైన పనికైనా స్కూటీ వేసుకుని పోను. ఈ ఒట్టు ఇన్నేళ్లుగా నిలబెట్టుకుంటూనే వచ్చాను. మొన్న మీసంలో తెల్ల వెంట్రుక కనపడి నేను కంగారుపడుతుంటే, నాయిన కళ్లద్దాలు సవరించుకుని దగ్గరగా వంగి చూశాడు.

"గివి మాత్రం మా ఇంట్ల మగోళ్లకు జల్దీనే వస్తయి," అన్నాడు.