దారం ఎక్కిన పొద్దు

హాస్టల్లో అతని పేరు నిట్రాట. ఎంత తాగినా పాతిన స్తంభంలా ఒరగడని స్నేహితులు పెట్టారు. ఆ గదికో చట్టం ఉండేది. గ్లాసు గ్లాసుకీ సూదిలో దారం ఎక్కించాలి. ఎక్కించలేనివాడికి ఇక చుక్క లేదు. నిట్రాట ఒక్కసారీ ఓడలేదు.

"పట్టా చేతికొచ్చాక ఎవడు తాగుతాడ్రా!" అనేవాళ్లు అందరూ. పట్టాలొచ్చాయి. ఒకడు పెళ్లయి మానేశాడు. ఒకడు కడుపునొప్పికి జడిసి మానేశాడు. మిగతావాళ్లకు తీరిక లేక దానంతటదే పోయింది. ఇతనికి మానాల్సిన అవసరం కనబడలేదు. ఎత్తైన క్రేన్ నడిపే పనిలో చేరాడు. పొద్దున్నే అద్దం ముందు నిలబడి సూదిలో దారం ఎక్కించేవాడు, ఎక్కితే బయల్దేరేవాడు. ఎక్కని రోజు రాలేదు.

ఆ సోమవారానికి ముందురోజు సెలవు. సీసా అడుగంటింది. అయినా తెల్లారి దారం మొదటిసారికే ఎక్కింది.

భవనం కట్టేచోట, కింద బరువులకు గొలుసులు తగిలించేది ఇతని అక్క మొగుడు. ఈ పని ఇప్పించిందీ ఆయనే.

"కళ్లేంటి బామ్మర్దీ, చింతనిప్పులైనాయి?"

"నిద్ర లేదు బావా."

"నిద్ర లేదా, నిద్రకి మందేశావా? మీ అక్క చూస్తే ముందు నాకు పడతాయి అక్షింతలు."

నవ్వేసి నిచ్చెనెక్కి క్రేన్ క్యాబిన్లో కూర్చున్నాడు.

మొదటి బరువు ఇనుప దూలం. బావ చెయ్యెత్తి ఆపమన్నాడు. ఇతను మీట లాగాడు. లాగాననుకోవడానికీ లాగడానికీ మధ్య ఏదో జారిపోయింది. దూలం ఊగుతూ బావ మీదికి వెళ్లింది. బావ బోర్లా పడి నేలకు అతుక్కుపోయాడు. దూలం ఆయన్ని తాకకుండా పైనుంచి పోయింది.

సూది కంటికి జానెడు దూరంలో ఉంటుంది. కదలదు. దూలం ఎక్కడో కింద ఊగుతోంది, దాని పక్కన మనిషి లేచి నిలబడుతున్నాడు.

"పైన ఏమైంది?" రేడియోలో సూపర్‌వైజరు.

"గాలి సార్," అంది బావ గొంతు, రొప్పుతూ. "గాలి ఎక్కువగా ఉంది."

క్రేన్ కొసన కట్టిన జెండా గుడ్డ కదలకుండా వేలాడుతోంది. బావ ఆడిన అబద్ధం చాలు, ఉద్యోగం నిలుస్తుంది. కాసేపటికి ఇంకో దూలం వస్తుంది. దాని కిందా బావే ఉంటాడు.

"గాలి కాదు సార్. రాత్రి తాగాను. మత్తింకా దిగలేదు."

రేడియోలో బావ గొంతు, మెల్లగా:

"అందరూ దూరంగా జరగండి. నువ్వు మీట వదలకు. నే చెప్పిందే చెయ్యి. ఊగడం ఆగనీ... ఆగనీ... ఇప్పుడు దించు. కొంచెం. ఆపు. ఆపమన్నానా! ఇంకొంచెం."

దూలం నేలను తాకింది. బావ గొలుసు విప్పాడు.

"నువ్వు దిగకు. నీ నడుముకి కట్టి దించడానికి తాడు తీసుకుని నేనే వస్తున్నా."

నిచ్చెన మీద బూట్ల చప్పుడు మొదలైంది. ఒక్కో మెట్టుకీ క్యాబిన్ సన్నగా అదిరింది. అతను మీటల మీంచి చేతులు తీసి, తలుపు గొళ్లెం తీసి ఉంచాడు.